ఏడవ నెలలో అడుగవలసిన ప్రశ్న

చింతపల్లి, కొయ్యూరు, గొలుగొండ వైపుల నుండి వచ్చు బస్సులు నర్సీపట్నము చేరునప్పటికి, వాటిలో నెలలు నిండిన చూలాలొకతె, ఆమె ప్రక్కన తల్లియో అత్తయో, ఒడిలో గుడ్డసంచి పెట్టుకొని కూర్చుండి యుండుట ఈ ఊరివారికి నిత్యము కనబడు దృశ్యము. వారిలో కొందరు ఏరియా ఆసుపత్రికి పోవుదురు. కొందరు పట్టణములోని ప్రైవేటు నర్సింగు హోములకు పోవుదురు. కాన్పు కష్టమగునని డాక్టరు చెప్పినచో అనకాపల్లికో, విశాఖపట్నమున కె.జి.హెచ్.కో, ఘోషా ఆసుపత్రికో సాగిపోవుదురు. మరికొందరు, సిస్టర్లు నడపు మిషన్ ఆసుపత్రులలో శుభ్రత, ఓర్పు, మితమైన ఖర్చు ఉండునని పెద్దలవలన విని, ఎంత దూరమైనను అచ్చటికే పోవ నిశ్చయింతురు.

ఆసుపత్రిని ఎన్నుకొనునపుడు వీరందరును విచారించు సంగతులు నాలుగు: డాక్టరమ్మ హస్తవాసి మంచిదా, ఖర్చెంత యగును, వేళకు రక్తము దొరకునా, ఆరోగ్యశ్రీ చెల్లునా. విచారింపక విడిచిపెట్టు ఐదవ సంగతి యొకటి కలదు. ఉన్న బిడ్డలు చాలునని భార్యాభర్తలు తలచి, ఈ కాన్పుతో పాటే పిల్లల ఆపరేషను కూడ చేయించివేయవలెనని నిశ్చయించుకొన్న ఇంటికి ఆ ఐదవ సంగతియే ప్రధానము: ఆ ఆసుపత్రిలో ఆ ఆపరేషను చేయుదురా, చేయరా? కాథలిక్కు సభల వారి ఆసుపత్రులు తమ మతనియమమును బట్టి దానిని చేయవు. ఈ సంగతి ఏడవ నెలలో తెలిసినచో మార్గము వెదకుటకు రెండు నెలల వ్యవధి యుండును. నొప్పులు మొదలయిన పిమ్మట తెలిసినచో, ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనినట్లగును.

ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఇంతే. ఆసుపత్రికి తన నియమము కలదు. స్త్రీకి తన నిర్ణయము కలదు. ఈ రెండింటికిని కలహము లేకుండ చేయగలది సకాలమున అడిగిన ఒక ప్రశ్న, దానికి సూటిగా ఇచ్చిన ఒక జవాబు. ఆ ప్రశ్నను ఎట్లు అడుగవలెనో, జవాబు ‘కాదు’ అయినచో ఏమి చేయవలెనో క్రమముగా చూతము.

1. నియమమునకు మూలమును తెలిసికొనుడు

ఒకరు మన కోరికను త్రోసిపుచ్చినపుడు, వారెందుకట్లు చేసిరో తెలిసినవారికి ఆగ్రహము తగ్గి ఆలోచన సాగును. తెలుగునాట కాథలిక్కు వైద్యసేవ చరిత్ర గుంటూరుతో పెనవేసికొని యున్నది. ఆస్ట్రేలియాలో 1887లో జన్మించి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి, 1919లో ఎం.డి. పట్టమును పొందిన మేరీ గ్లౌరీ, మరుసటి సంవత్సరమే గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో సన్యాసము స్వీకరించి, సన్యాసినులు వైద్యవృత్తి నెరపుట నియమవిరుద్ధముగా నుండిన ఆ కాలమున పోపుగారి ప్రత్యేకానుమతితో, మూడు దశాబ్దములకు పైగా తెలుగు తల్లులకును శిశువులకును సేవ చేసెను. ఆమె 1943లో స్థాపించిన సంఘమే నేడు సికిందరాబాదు కేంద్రముగా పనిచేయుచున్న కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. పురుషవైద్యునకు దేహము చూపుటకు సిగ్గుపడి, ప్రసవవేదనలో ప్రాణములు విడుచు స్త్రీలున్న దినములలో ఒక వైద్యురాలు ఖండాంతరము నుండి వచ్చి జీవితము ధారవోయుట సామాన్యమైన ఉపకారము కాదు.

ఆ సేవకును ఈ నిషేధమునకును పుట్టిల్లు ఒకే విశ్వాసము. ప్రాణము దేవుని దానమను నమ్మికయే వారిని అర్ధరాత్రి పురిటిగదిలో నిలువబెట్టినది. ఆ నమ్మికయే సంతానశక్తిని ఉద్దేశపూర్వకముగా అరికట్టరాదని వారిచేత అనిపించుచున్నది. 1930లో పదకొండవ పయస్ పోపును, 1968 జూలైలో ‘హ్యూమానే విటే’ అను లేఖ ద్వారా ఆరవ పౌలు పోపును ఈ శాసనమును ప్రకటించిరి. దాని ప్రకారము ట్యూబెక్టమీ (స్త్రీకి చేయు పిల్లల ఆపరేషను), వేసెక్టమీ (పురుషునికి చేయునది), నిరోధ్, గర్భనిరోధక మాత్రలు అన్నియు నిషిద్ధములే. ఋతుక్రమమున గర్భము నిలుచుటకు అవకాశము లేని దినములను గుర్తించి, తక్కిన దినములలో నిగ్రహము పాటించుట మాత్రము అంగీకృతము. అయితే వ్యాధిని కుదుర్చుటకై చేయు చికిత్సవలన సంతానశక్తి నశించినను అది దోషము కాదని ఆ లేఖయే చెప్పుచున్నది. కనుక వ్యాధిగ్రస్తమైన గర్భసంచిని తొలగించుటకు గాని, నెలసరి వ్యాధికి హార్మోను మాత్ర లిచ్చుటకు గాని ఆ నియమము అడ్డు రాదు. ఇట్టి చికిత్సకై పోవు స్త్రీ వెనుకాడ నక్కరలేదు.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలెను. మిషన్ ఆసుపత్రులన్నియు ఒకే మతశాఖకు చెందినవి కావు. అదే గుంటూరులో అమెరికా నుండి వచ్చిన డాక్టరు ఆనా కుగ్లర్ 1898లో ఆరంభించిన ఆసుపత్రి లూథరన్ సంఘమువారిది; లూథరన్, బాప్టిస్టు సంఘములకు కుటుంబ నియంత్రణపై ఇట్టి నిషేధము లేదు. కనుక ద్వారముపై శిలువను చూచి ఏదియు ఊహింపరాదు. అది ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) వారిదా, మరియొక సంఘము వారిదా యని ముందు విచారింపవలెను. పిదప అసలు ప్రశ్ననే అడుగవలెను.

2. మన ఇండ్లలో ఈ ప్రశ్నకు గల బరువు

కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమముగా ప్రపంచమున మొట్టమొదట, 1952లో, చేపట్టిన దేశము మనది. ఆ కార్యక్రమము తెలుగుదేశమున ఎంతగా వ్రేళ్లూనినదనగా, 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల లోపు వివాహితలలో దాదాపు 70 శాతము మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారే. దేశము మొత్తముమీద ఈ లెక్క 38 శాతము మాత్రమే. పురుషుల ఆపరేషనో, మన రాష్ట్రమున అర శాతమునకైనను చేరలేదు.

ఈ అంకెల వెనుక నున్న సత్యమును గ్రహింపుడు. మన ఇండ్లలో ‘కుటుంబ నియంత్రణ’ యనగా ఆడుదాని ఆపరేషనే. మరియొక సాధనము పేరైనను ఎరుగని ఇండ్లు అనేకములు. అట్టి ఇంటి కోడలు తాను నమ్ముకొన్న ఆసుపత్రిలో ఆ ఆపరేషను లేదన్న మాట విన్నపుడు, తనకు తెలిసిన మార్గమొక్కటే మూతపడినట్లై, ఏమియు చేయక ఇల్లు చేరును. ఏడాది తిరుగక ముందే మరల నెల తప్పును. అందుచేత ఈ విషయమున మనము సంపాదింపవలసిన శక్తులు రెండు: అడుగగల ధైర్యము, ఒకటికి నాలుగు మార్గములు తెలిసిన జ్ఞానము.

3. ప్రశ్నను అడుగు విధము

‘సిస్టరమ్మలు పెండ్లి కానివారు, దేవుని సేవలో నున్నవారు, వారి ఎదుట ఇట్టి మాట ఎత్తుట యెట్లు?’ అని మన స్త్రీలు సంకోచింతురు. ఆసుపత్రివారును, అడుగని ప్రశ్నకు తామై జవాబు చెప్పుట ఎందుకని ఊరకుందురు. ఇరువురి మర్యాదయు కలిసి ఒకరికి కీడుగా పరిణమించును. ఈ మౌనమును ఛేదించు భారము, న్యాయమునకు, ఇరువైపులను ఉండవలసినదే యైనను, నష్టపోవునది తానే గనుక స్త్రీయే ముందుగా నోరు విప్పుట మేలు. మాట పొడుగు కానక్కరలేదు. ఏడవ నెల పరీక్షకు పోయిన ఒక ఇల్లాలు ఇట్లు మాటలాడవచ్చును:

“సిస్టర్ గారూ, నాకిది రెండో కాన్పండి. దీంతో చాలనుకున్నాం. పెద్ద ఆపరేషనైతే దాంతోపాటే పిల్లల ఆపరేషన్ కూడా చేసేస్తారాండి?”

“అది మా ఆసుపత్రిలో చెయ్యమమ్మా. కాన్పు మటుకు జాగ్రత్తగా చూసుకుంటాం.”

“అలాగేనండి. మరి దానికి నేనెక్కడికెళ్లాలో చెప్తారేటండి? కాన్పయ్యాక నా కాయితాలన్నీ ఇస్తారు కదండీ?”

ఈ సంభాషణను మరల చదువుడు. ఆమె మొదటి మాటలో తమ నిర్ణయమును తెలిపినది. రెండవ మాటలో సూటిగా అడిగినది. జవాబు తనకు ప్రతికూలమైనను వాదమునకు దిగక, మూడవ మాటలో తనకు కావలసిన సాయమును కోరినది. సిస్టరు తన నియమమును తప్పలేదు. ఆమె తన నిర్ణయమును విడువలేదు. ఇరువురి గౌరవమును నిలిచినది. ఆసుపత్రి నడపువారికిని ఇచ్చట నేను చేయు మనవి యొకటి కలదు: చేయబోని పనిని గర్భిణి మొదటిసారి వచ్చిననాడే, అడుగకముందే, తేటగా చెప్పుట మీ విశ్వాసమునకు భంగము గాదు, చెప్పకుండుట మాత్రము నమ్మి వచ్చినవారికి అన్యాయము.

అడుగవలసిన ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసికొని పోవుట మంచిది.

ఒకటి: ఈ ఆసుపత్రిలో ట్యూబెక్టమీ చేయుదురా? కాపర్ టీ వేయుదురా?

రెండు: చేయనిచో, ఏ ఆసుపత్రికి చీటీ వ్రాసి పంపుదురు?

మూడు: నాకు కాన్పు చేయు డాక్టరుగారు మరి ఏ ఆసుపత్రిలోనైనను పనిచేయుచున్నారా? అచ్చట ఈ ఆపరేషను చేయుదురా?

నాలుగు: నాకు సిజేరియన్ తప్పదా, తప్పునా?

ఐదు: డిశ్చార్జి వేళ ఏయే కాగితము లిత్తురు?

వీనిలో నాలుగవ ప్రశ్న మిక్కిలి విలువైనది. మొదటి కాన్పు పెద్ద ఆపరేషనైన స్త్రీకి రెండవదియు అట్లే కావచ్చును. అట్టి ఆమెకు ఒకే కోతతో రెండు పనులు తీరునట్టి చోటు మొదటినుండియు ఎన్నుకొనుటయే వివేకము; లేనిచో మరికొన్ని నెలలకు మరల మత్తు, మరల కోత, మరల పథ్యము.

4. రెండవ మార్గమును ముందే సిద్ధపరచుకొనుడు

ఆపరేషను నిశ్చయించుకొన్నవారు ప్రభుత్వ ప్రమాణములను కొన్ని ఎరిగి యుండవలెను. స్త్రీకి 22 నుండి 49 ఏండ్ల లోపు వయస్సు, వివాహము, ఏడాది దాటిన బిడ్డ ఒకటైనను ఉండవలెను. సిజేరియన్ వేళనే చేయవచ్చును. మామూలు కాన్పయినచో ఏడు దినముల లోపల చేయవచ్చును. ఆ గడువు దాటినచో ఆరు వారములు ఆగి చేయించుకొనవలెను. కనుక మిషన్ ఆసుపత్రిలో కాన్పు జరిగినంత మాత్రమున అవకాశము చేజారినట్లు కాదు. పీహెచ్‌సీలో ఏఎన్ఎంతో మాటలాడి, ఆరు వారముల పిమ్మట ఏరియా ఆసుపత్రిలో ఏనాడు చేయుదురో తెలిసికొని, ఆ తేదీని గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టుకొన్నచో చాలును.

ఈ మధ్యకాలమే ప్రమాదకరము. పాలిచ్చు తల్లికి నెలసరి రాకముందే గర్భము నిలువవచ్చునని అనేకు లెరుగరు. బిడ్డకు ఆరు నెలలు నిండనంత వరకును, తల్లిపాలు తప్ప వేరేమియు పట్టకుండ, రాత్రింబవళ్లు పాలిచ్చుచు, నెలసరి రాకుండ ఉన్నంత కాలము మాత్రమే చనుబాలు మంచి రక్షణ నిచ్చును. ఈ మూటిలో ఏ ఒక్కటి తప్పినను ఆ రక్షణ సడలును. అప్పటికి సాధనములు పెక్కు కలవు. కాపర్ టీని కాన్పయిన 48 గంటల లోపల గాని, ఆరు వారముల పిమ్మట గాని వేయుదురు. 380ఏ రకము పదియేండ్లు పనిచేయును, వలదనుకొన్ననాడు తీయించుకొనవచ్చును. ‘అంతర’ ఇంజెక్షను మూడు నెలలకొకటి. ‘ఛాయ’ మాత్ర మొదటి మూడు నెలలు వారమునకు రెండు, పిదప వారమునకొకటి. దానిలో హార్మోను లేదు, పాలిచ్చు తల్లియు వాడవచ్చును. మాలా-ఎన్ వంటి దినమాత్రలను మాత్రము బిడ్డకు ఆరు నెలలు నిండువరకు పాలిచ్చు తల్లి వాడరాదు. ఇవన్నియు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. వీనిలో ఏది తన దేహమునకు తగునో డాక్టరును అడిగియే మొదలుపెట్టవలెను.

ట్యూబెక్టమీ శాశ్వతమని తలచియే ఒప్పుకొనవలెను. అయినను రెండువందలలో ఒకరికి అది విఫలము కావచ్చును గనుక, నెల తప్పినచో వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. వైఫల్యమునకును, వికటించుటకును ప్రభుత్వ పరిహార పథకము కలదు. దానికి ఆపరేషను కాగితములే ఆధారము. ఇక భర్త సంతకము మాట. ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము ఆపరేషను చేయించుకొనువారి సమ్మతి చాలును, భార్య లేక భర్త సమ్మతి అవసరము లేదు. అయితే 2002 నాటి వైద్యవృత్తి నియమావళిలో సంతానశక్తి పోగొట్టు ఆపరేషనుకు దంపతు లిరువురి సమ్మతిని కోరు నిబంధన యున్నందున, ఇరువురి సంతకములు అడుగు డాక్టరులు గలరు. ఏ ఆసుపత్రి ఆచారమేదో ముందే తెలిసికొన్నచో, పనికై పొరుగూరు పోయిన భర్తను ఆనాడు అప్పటికప్పుడు పిలిపింపవలసిన అవస్థ తప్పును.

ఒత్తిడికి మాత్రము ఎన్నడును లొంగరాదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరు శిబిరములో ట్యూబెక్టమీ చేయించుకొన్న పదిమందికి పైగా స్త్రీలు మరణించిరి. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇట్టి శిబిరములను మూడేండ్లలో నిలిపివేయునట్లు ఆదేశించినది. ఆపరేషను నిరాకరించు చోట మార్గాంతరము వెదకుట ఎంత న్యాయమో, ఆపరేషనుకై తొందరపెట్టు చోట ‘ఆలోచించుకొని చెప్పుదును’ అనుటయు అంత న్యాయమే.

5. భర్తకు ఒక మాట

అయ్యా, ఇంతవరకు చెప్పిన చిక్కులన్నియు మీ భార్య దేహము చుట్టును అల్లుకొన్నవి. ఏ ఆసుపత్రిలో కాన్పు, ఏ కోతతో పాటు ఏ ఆపరేషను, ఏడు దినములా, ఆరు వారములా అను ఈ లెక్క మీ విషయమున ఒక్కటియు లేదు. కోత కుట్టు లేని వేసెక్టమీ కొద్ది నిమిషముల పని. ఆనాడే ఇల్లు చేరవచ్చును. కొద్ది దినములు బరువులెత్తకున్న చాలును. మగతనము తగ్గునన్నది, పొలము పనికి పనికిరాకపోవుదురన్నది కేవలము అపోహలు. మూడు నెలల వరకు వేరొక సాధనమును వాడి, పిదప వీర్యపరీక్ష చేయించి నిర్ధారించుకొనవలెను, అంతటితో సరి. రెండుమారులు పురిటి కష్టమును మోసిన ఆమె వంతు తీరినది. మూడవ కష్టమును మీరు మోయుట ధర్మము.

6. కాథలిక్కు గృహిణికి ఒక మాట

అమ్మా, మీరు ఆ విశ్వాసమున పుట్టి పెరిగినవారై, చర్చి బోధను పాటింప నిశ్చయించినచో, ఆ సిస్టర్లే మీకు సహజ పద్ధతిని నేర్పగలరు. ఆస్ట్రేలియా వైద్యదంపతులు జాన్, ఎవెలిన్ బిల్లింగ్సుల పేర ప్రసిద్ధమైన పద్ధతిలో, స్త్రీ తన దేహమున ప్రతిదినము కలుగు స్రావ భేదములను గమనించి వ్రాసికొనుచు, గర్భము నిలుచు దినములను గుర్తించును. దానికి శిక్షణ కావలెను, క్రమము కావలెను, అన్నిటికంటె ముఖ్యముగా భర్త నిగ్రహము కావలెను. త్రాగి ఇల్లు చేరు భర్త ఉన్నచోట అది నిలువదు. కాన్పయిన తొలి నెలలలో దేహక్రమము కుదుటపడదు గనుక అప్పుడు మరింత జాగరూకత అవసరము. మీ ఆరోగ్యము, మీ సంసారస్థితి మరియొక నిర్ణయమును కోరుచున్నచో, ఆ నిర్ణయము మీ అంతరాత్మకును, మీ దేవునికిని మధ్య నున్నది. దానిలో సిస్టరు గాని, ఏఎన్ఎం గాని, అత్తగారు గాని సలహా చెప్పవచ్చునే గాని శాసింపరాదు.

7. దూరదేశమున నున్న ఆడపడుచులకు

ఈ ప్రాంతపు బిడ్డలు నేడు అమెరికాలోను కాన్పులు పోసికొనుచున్నారు. అచ్చటి ఆసుపత్రి పడకలలో సుమారు ఆరింట ఒకటి కాథలిక్కు సంస్థలది. అచ్చటి బిషపుల నియమావళి సిజేరియన్ వేళ సైతము ట్యూబెక్టమీని నిషేధించుచున్నది. పేరును బట్టి ఆసుపత్రి యెవరిదో తెలియకపోవచ్చును. మీ డాక్టరు ఏ ఆసుపత్రిలో కాన్పు చేయుదురో, అచ్చట ఈ ఆపరేషను చేయనిత్తురో తొలి నెలలలోనే అడుగుడు. మెడికెయిడ్ వంటి ప్రభుత్వ సాయముతో చేయించుకొనువారు 30 దినములు ముందుగా సమ్మతిపత్రముపై సంతకము చేయవలెనను నిబంధన కూడ అచ్చట కలదు. ఆలస్యమునకు మూల్యము అధికము. కాన్పు సాయమునకై విమానమెక్కు తల్లులారా, పచ్చళ్లు, పురిటికారములతో పాటు ఈ ప్రశ్నను కూడ బిడ్డకు గుర్తు చేయుడు.

ఈ వారమున చేయవలసిన పనులు

మొదటిది: భార్యాభర్త లిరువురును ఒక సాయంకాలము ఏకాంతమున కూర్చుండి, ఇంక బిడ్డలు కావలెనా, వలదా, కావలసినచో ఎన్నేండ్లకు అని తేల్చుకొనుడు. తేలకున్నను దోషము లేదు. తేలలేదని తెలియుటయు మేలే, అప్పుడు శాశ్వత ఆపరేషను మాట విడిచి తాత్కాలిక సాధనమును ఎన్నుకొనవచ్చును.

రెండవది: పైన వ్రాసిన ఐదు ప్రశ్నలను మీ అక్షరములతో కాగితముపై వ్రాసి, గర్భిణి పరీక్షల కార్డులో పెట్టుడు.

మూడవది: ఆశా కార్యకర్తను గాని ఏఎన్ఎంను గాని కలిసి, మీకు సమీపమున ఏయే సాధనము లభించునో, ఆపరేషను ఏనాడు చేయుదురో తెలిసికొనుడు.

నాలుగవది: స్కానింగు, రక్తపరీక్ష, డిశ్చార్జి కాగితములన్నియు ఒకే సంచిలో భద్రపరచుడు. ఆసుపత్రి మీ రికార్డులను ఇయ్యనిచో వ్రాతమూలకముగా అడుగుడు; అడిగిన 72 గంటలలో డాక్టరు వాటిని ఇయ్యవలెనని వైద్యవృత్తి నియమావళి చెప్పుచున్నది.

ఐదవది: ఇంటిలో చూలాలు ఉన్నచో, వచ్చు పరీక్షవరకు ఆగక, ఇప్పుడే ఆ ఆసుపత్రికి ఫోను చేసి మొదటి ప్రశ్నను అడుగుడు. జవాబు ‘చేయుదుము’ అయినచో మనసు కుదుటపడును. ‘చేయము’ అయినచో, దారి వెదకుటకు కావలసినంత కాలము మీ చేతిలోనే యున్నది.